సాధనలో వచ్చే జంప్ పరీక్ష రోజున ఎందుకు తప్పుతుంది?

దేవరకొండ దగ్గరి తండాలో ఉంటూ కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్న ఒక యువకుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది: "సార్, కాలేజీ గ్రౌండ్‌లో సాధన చేసేటప్పుడు లాంగ్‌జంప్ నాలుగు మీటర్ల పైన సులువుగానే పడుతుంది. కిందటి ఈవెంట్స్‌లో, అంటే దేహదారుఢ్య పరీక్షల్లో, మాత్రం మొదటి రెండు అవకాశాలూ ఫౌల్ అయ్యాయి. మూడోసారి భయపడి, కాలు మోపి లేవాల్సిన బోర్డుకు చాలా ముందే లేచాను, దూరం చాలలేదు. 1600 మీటర్ల పరుగులో మొదటి రౌండ్ అందరికంటే ముందున్నాను, చివరి రౌండ్‌లో కాళ్లు పట్టేసి కొద్దిలో గట్టెక్కాను. రాత పరీక్షలో కూడా తెలిసిన జవాబులే గుర్తుకు రావు. కోచింగ్‌లో కాన్ఫిడెన్స్ పెంచుకోమంటారు. మనస్తత్వశాస్త్రంలో దీనికి నిజంగా ఉపాయం ఉందా, లేక అవన్నీ మాటలేనా?"

ఉపాయం ఉంది. అయితే మీరు ఒకే జబ్బు అనుకుని రాసినవి మూడు వేర్వేరు విషయాలు. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి పనికిరాదు, కొన్నిసార్లు చెరుపు కూడా చేస్తుంది. లాంగ్‌జంప్‌లో మీ ధ్యాస అక్కర లేని చోటికి వెళ్లింది. రాత పరీక్షలో అవసరమైన చోటికి చాలినంత ధ్యాస అందలేదు. పరుగులో మీ ధ్యాసకు పెద్దగా ఏమీ కాలేదు, పక్కవాళ్లు మీ లెక్క తప్పించారు. ఈ మూడింటినీ కలిపి "కాన్ఫిడెన్స్ లేదు" అనేస్తే రేపు పొద్దున గ్రౌండ్‌కు వెళ్లి ఏం చేయాలో మీకు తెలియదు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఈవెంట్స్‌కు తయారయ్యే పిల్లలను చాలా ఏళ్లుగా దగ్గరుండి చూస్తున్నవాడిగా, ఆ పని కోసమే ఈ పరిశోధనలను చదువుతూ వచ్చినవాడిగా, వాటిలో నిలిచినదేదో నిలవనిదేదో విడదీసి చెబుతాను.

ముందు లాంగ్‌జంప్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు ఉద్యోగం పోగొట్టుకున్నది అక్కడే. అమెరికా మనస్తత్వవేత్త రాయ్ బామైస్టర్ 1984లో, ఒత్తిడి వచ్చినప్పుడు నైపుణ్యం ఎందుకు చెడిపోతుందన్న దాని మీద కొన్ని ప్రయోగాలు ప్రచురించారు. బాగా చేసి తీరాలన్న తపన పెరిగినప్పుడు మనిషి చూపు తన మీదికే తిరుగుతుందనీ, చేస్తున్న పని సరిగ్గా జరుగుతోందా లేదా అని లోపల తనిఖీ మొదలవుతుందనీ, అప్పటికే ఒంటికి అలవాటై తనంతట తాను జరిగిపోయే పనికి ఆ తనిఖీయే అడ్డుపడుతుందనీ ఆయన వాదన. మెట్లు గబగబా దిగుతూ ఏ మెట్టు మీద ఏ కాలు పడుతోందో గమనించడం మొదలుపెడితే ఎవరైనా తడబడతారు కదా, ఇదీ అలాంటిదే.

మరో అమెరికా మనస్తత్వవేత్త సియాన్ బైలాక్ బృందం 2002లో ఒక ఫుట్‌బాల్ ప్రయోగం ద్వారా ఈ వాదనను ఇంకా స్పష్టం చేసింది. వరుసగా పెట్టిన కోన్‌ల మధ్య నుంచి బంతిని కాలితో నడిపించమన్నారు. ఒకసారి బంతికి పాదంలో ఏ వైపు తగులుతోందో గమనిస్తూ నడపమన్నారు. ఇంకోసారి వినిపిస్తున్న మాటల్లో ఒక ఫలానా మాట ఎప్పుడు వస్తుందో చెబుతూ నడపమన్నారు. అనుభవం ఉన్న ఆటగాళ్లు కుడికాలితో ఆడేటప్పుడు పాదాన్ని గమనించమంటే నెమ్మదించారు, మాటలు వింటూ ఆడమంటే చక్కగా ఆడారు. వాళ్లకే అలవాటు లేని ఎడమకాలితో ఆడమన్నప్పుడు మాత్రం పాదాన్ని గమనించడమే మేలు చేసింది. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు రెండు కాళ్లతోనూ గమనించడమే మేలు చేసింది. అంటే "ఏమీ ఆలోచించకుండా ఆడు" అన్న సలహా అందరికీ సరిపడేది కాదు. పని వచ్చినవాడికి అది మందు, రానివాడికి అది హాని. మీకు సాధనలో నాలుగు మీటర్లు మామూలుగానే పడుతోంది కాబట్టి జంప్ వరకు మీరు మొదటి రకంలోకి వస్తారు.

ఇప్పుడు మీ ఫౌళ్ల సంగతి. పిట్ పక్కన నిలబడి ఫౌల్ అయ్యేవాళ్లను గమనిస్తే దాదాపు ఒకటే తీరు కనబడుతుంది. రన్నప్ (దూకే ముందు తీసే పరుగు) మొదట్లో అంతా బాగానే ఉంటుంది. చివరి ఐదారు అడుగుల్లో మెడ వంగుతుంది, చూపు బోర్డుకు అతుక్కుంటుంది, కాలు బోర్డు మీద పడాలన్న ఆత్రంతో అడుగును బలవంతంగా సాగదీస్తారు లేదా రెండు పొట్టి అడుగులు ఇరికిస్తారు, అలా చేసినా బూటు కొన అవతలి అంచు దాటే పోతుంది. నిజానికి ఆ చివరి అడుగులను సవరించే పని కళ్లూ కాళ్లూ కలిసి చాలా చక్కగా చేసుకోగలవు. 1982లో పరిశోధకుడు డేవిడ్ లీ, ఆయన సహచరులు లాంగ్‌జంప్ క్రీడాకారిణుల రన్నప్‌ను అడుగడుగునా కొలిచి చూశారు. పరుగు సాగేకొద్దీ ఒక జంప్‌కూ ఇంకో జంప్‌కూ పాదం పడే చోటులో తేడా పెరుగుతూ పోయింది, బోర్డు దగ్గరపడ్డాక చివరి కొన్ని అడుగుల్లో మాత్రం ఆ తేడా గణనీయంగా తగ్గిపోయింది. ఎదురుగా కనబడుతున్న బోర్డును బట్టి అడుగుల పొడవు సర్దుకుంటోందన్నమాట. మీకు కూడా సాధనలో ఇదే జరుగుతోంది, కాకపోతే మీకు తెలియకుండా జరుగుతోంది. పరీక్ష రోజున ఆ పనిని మీరు మీ చేతుల్లోకి తీసుకున్నారు.

కాబట్టి మొదట చేయవలసింది రన్నప్‌ను ఖాయం చేసుకోవడం. బోర్డు నుంచి వెనక్కి మీ పాదాలతోనే కొలిచి, ఎన్ని పాదాల దూరంలో మొదలుపెడితే కాలు సరిగ్గా పడుతోందో రాసి పెట్టుకోండి. టేపు ఉన్నా లేకపోయినా, ఏ ఊరి మైదానంలోనైనా మీ పాదాలు మీ వెంటే ఉంటాయి. చెల్క నేల మీద, గడ్డి మీద, గట్టి మొరం మీద ఈ కొలత కొంచెం కొంచెం మారుతుంది, అందుకే వారానికి ఒకసారైనా అలవాటు లేని నేల మీద కొలిచి దూకడం మంచిది. నల్లగొండ మేకల అభినవ్ స్టేడియం దాకా ఒక ఆదివారం వెళ్లి రాగలిగితే ఆ ప్రయాణం వృథా కాదు. పరుగు మొదలయ్యాక మాత్రం కాళ్లను వదిలేసి చూపును పిట్ అవతలి చివర ఉన్న ఏదో ఒక వస్తువు మీద, చెట్టో స్తంభమో, నిలపండి. బోర్డు చూపు అంచుల్లో కనబడుతూనే ఉంటుంది, దాని కోసం తల దించనక్కర లేదు.

ధ్యాసను ఒంటి మీద కాకుండా బయటి లక్ష్యం మీద పెట్టాలన్న మాట పరిశోధకురాలు గాబ్రియేల్ వుల్ఫ్ 1998 నుంచి చేస్తూ వచ్చిన పరిశోధనలతో బాగా వ్యాపించింది. నిలబడి దూకే జంప్ మీద 2010లో 120 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం జరిగింది. "మోకాళ్లను వీలైనంత వేగంగా చాచండి" అన్న సూచన విన్నవాళ్ల కంటే "గీతకు వీలైనంత దూరంగా దూకండి" అన్న సూచన విన్నవాళ్లు సగటున 10 సెంటీమీటర్లు ఎక్కువ దూకారు. కోచింగ్ సెంటర్లు ఈ సంఖ్యను ఎత్తి చూపడానికి ఇష్టపడతాయి. అయితే 2024లో ఈ రకం ప్రయోగాలన్నిటినీ కలిపి చేసిన విశ్లేషణ, అనుకూలంగా వచ్చిన ఫలితాలే ఎక్కువగా అచ్చయ్యాయనీ, ఆ లోటును సరిచేసి లెక్కిస్తే మిగిలే లాభం చాలా చిన్నదనీ, అసలు ఉందో లేదో కూడా గట్టిగా చెప్పలేమనీ తేల్చింది. అందువల్ల చూపు మార్చినంత మాత్రాన పది సెంటీమీటర్లు కలుస్తాయని నేను మీకు రాసి ఇవ్వను. మీకు కావలసింది అదనపు దూరం కాదు, ఉన్న దూరం పోకుండా ఉండటం. చివరి అడుగుల్లో తనిఖీ ఆపడానికి బయటి గురి పనికొస్తుందని మాత్రం నేను నమ్ముతాను.

దీనికంటే గట్టి ఉపాయం ఒకటుంది, మన దగ్గర దాన్ని దాదాపు ఎవరూ చేయరు. మన పిల్లలు తెల్లవారుజామున వెళ్లి, వేడెక్కి, ఇరవై ముప్పై జంప్‌లు వరుసగా దూకుతారు. వాటిలో మంచివి గుర్తుంటాయి, ఫౌళ్లు లెక్కలోకి రావు. ఈవెంట్స్ రోజున జరిగేది దీనికి పూర్తిగా వేరు: గంటల తరబడి వరుసలో కూర్చోవాలి, ఒళ్లు చల్లబడుతుంది, ఛాతీ నెంబరు పిలుస్తారు, ఎదురుగా యూనిఫాంలో కొలిచేవాళ్లు ఉంటారు, ఉన్నవి మూడే అవకాశాలు. బైలాక్, థామస్ కార్ 2001లో గోల్ఫ్ పుటింగ్ (బంతిని మెల్లగా గుంతలోకి కొట్టడం) నేర్పుతూ ఒక బృందాన్ని మామూలుగా సాధన చేయించారు, ఇంకొక బృందాన్ని వీడియో కెమెరా ముందు, తమను ఎవరో పరిశీలిస్తారన్న ఎరుకతో చేయించారు. తర్వాత నిజంగా ఒత్తిడి పెట్టినప్పుడు మామూలు బృందం ఆట చెడింది, కెమెరా బృందం ఆట చెడలేదు. నెదర్లాండ్స్‌లో రౌల్ ఔడెయాన్స్ 2010లో డార్ట్స్ విసరడం మీద చేసిన ప్రయోగంలో కూడా కొద్దిపాటి ఆందోళనలో సాధన చేసినవాళ్లు పెద్ద ఆందోళనలో నిలిచారు, ప్రశాంతంగా సాధన చేసినవాళ్లు నిలవలేదు. కొద్దిపాటి ఆందోళన సరిపోవడం ఇక్కడ గమనించదగిన విషయం, ఎందుకంటే అసలు పరీక్షంత భయాన్ని గ్రౌండ్‌లో ఎవరూ పుట్టించలేరు.

మీ కోసం ఇలా చేయండి. వారానికి రెండు రోజులు అరగంట వేడెక్కి, తర్వాత అరగంట నీడలో ఊరికే కూర్చోండి. మీతో సాధన చేసేవాళ్లలో ఒకరిని నెంబరు పిలవమనండి, ఒకరిని ఫోనులో వీడియో తీయమనండి, మిగతావాళ్లను పిట్ చుట్టూ నిలబడమనండి. మూడే మూడు జంప్‌లు. మూడూ పోతే ఆ రోజుకు జంప్ సాధన అయిపోయినట్టే, "ఇంకొక్కటి" అనడానికి వీల్లేదు. ఓడినవాళ్లు అందరికీ చాయ్ తాగించాలని పందెం పెట్టుకున్నా తప్పు లేదు. మొదట్లో ఫౌళ్లు ఎక్కువే పడతాయి, అందుకు నిరుత్సాహపడవద్దు. పరీక్షలో జరిగినది పరీక్షకు ముందే జరుగుతోందని అర్థం.

షాట్‌పుట్ గురించి మీరు అడగలేదు, కానీ 7.26 కిలోల గుండు మీకు ఇంకా చేతిలో కుదరకపోతే దానికి పైన చెప్పిన సలహా వర్తించదు. అక్కడ మీరు ఎడమకాలితో ఆడుతున్నవాళ్ల లాంటివారు. గుండు మెడ దగ్గర ఎక్కడ ఆనుతోందో, మోచెయ్యి ఎక్కడుందో చూసుకుంటూనే సాధన చేయండి.

నెంబరు పిలిచే ముందు గుండె దడదడ కొట్టుకుంటే ఏం చేయాలన్నది చాలామంది అడిగే మాట. ప్రశాంతంగా ఉండమని తనకు తాను చెప్పుకోవడం చాలామందికి పని చేయదు, ఎందుకంటే అంత ఉద్రేకంలో ఉన్న ఒళ్లు మాట చెప్పగానే చల్లబడదు. ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో పాట పాడే ముందు, ఉపన్యాసం ఇచ్చే ముందు, లెక్కలు చేసే ముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అని చెప్పుకున్నవాళ్లు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అని చెప్పుకున్నవాళ్ల కంటే మెరుగ్గా చేశారు. దడ అదే, దానికి పెట్టుకున్న పేరు మారింది. ఇందులో ఖర్చు లేదు, నష్టం లేదు, ప్రయత్నించి చూడండి. అద్దం ముందు నడుము మీద చేతులు పెట్టుకుని రెండు నిమిషాలు నిలబడితే ఒంట్లో హార్మోన్లు మారి ధైర్యం వస్తుందని చెప్పే శిక్షణలను మాత్రం వదిలేయవచ్చు. 2010లో 42 మందితో చేసిన ఒక అధ్యయనం మీద ఆ ప్రచారమంతా నిలబడింది. 2015లో 200 మందితో మళ్లీ చేసి చూస్తే హార్మోన్లలో మార్పు కనబడలేదు, ఆ మొదటి అధ్యయనం రచయితల్లో ఒకరు తర్వాత తానే దాన్ని నమ్మడం లేదని ప్రకటించారు.

పరుగు విషయంలో మీకు మనస్తత్వశాస్త్రం కన్నా గడియారం ఎక్కువ ఉపయోగం. తెలంగాణ పోలీసు ఉద్యోగాల 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు ఇచ్చారు. 400 మీటర్ల ట్రాక్ మీద అది నాలుగు రౌండ్లు, రౌండుకు దాదాపు 1 నిమిషం 48 సెకన్లు. మీరు ఒక్కో రౌండు 1 నిమిషం 45 సెకన్లలో వేస్తే ఏడు నిమిషాలకు గీత దాటతారు, ఇంకా పదిహేను సెకన్లు చేతిలో ఉంటాయి. మరి మొదటి రౌండులో అందరికంటే ముందు ఎందుకు ఉన్నారు? పక్కన మనుషులు పరుగెడుతుంటే మన వేగం దానంతట అదే పెరుగుతుంది. నార్మన్ ట్రిప్లెట్ 1898లోనే సైకిల్ పందేల రికార్డులు చూసి, ఒంటరిగా గడియారంతో పోటీపడేవాళ్ల కంటే పక్కన మనిషి ఉన్నవాళ్లు వేగంగా తొక్కుతారని రాశారు. ఆ తర్వాత 40 మంది పిల్లలతో చేపల గాలం రీలు తిప్పించి చూస్తే, పక్కన ఇంకొకరు ఉన్నప్పుడు సగం మంది వేగం పెరిగింది, పావు వంతు మంది మాత్రం ఆత్రంతో చేతులు బిగుసుకుని వెనకబడ్డారు. ఈ రెండో మాటను జనం మరిచిపోతారు. మందతో కలిసి మొదటి 400 మీటర్లు ఊపులో వేసినవాళ్లు నాలుగో రౌండులో దానికి మూల్యం చెల్లిస్తారు. చేతి గడియారం చూసుకుంటూ, గుంపుగా పరుగెత్తే రోజుల్లో కావాలనే వెనక వరుసలో మొదలుపెట్టి సమానమైన రౌండ్లు వేయడం అలవాటు చేసుకోండి.

చివరి రౌండులో లోపల వినిపించే "ఇక నా వల్ల కాదు" అన్న మాటకు ముందే ఒక బదులు తయారు పెట్టుకోవడం పనికొస్తుంది. 2014లో 24 మందితో చేసిన ఒక సైకిల్ ప్రయోగంలో, తమకు తాము చెప్పుకునే మాటలను ఎంచుకుని రెండు వారాలు అలవాటు చేసుకున్నవాళ్లు అలసి ఆగిపోయే దాకా తొక్కగలిగిన సమయం సుమారు 18 శాతం పెరిగింది, మిగతావాళ్లలో మార్పు లేదు. చిన్న ప్రయోగమే కాబట్టి ఆ శాతాన్ని పట్టుకుని వేలాడనక్కర లేదు. మీ మాట మీ భాషలోనే ఉండాలి. తండాలో మీ అమ్మతో మాట్లాడే భాషలోనిదైతే ఇంకా మంచిది, ఇంగ్లీషు నినాదాలు ఆ సమయానికి నోటికి రావు.

రాత పరీక్షలో జరిగేది లాంగ్‌జంప్‌కు పూర్తిగా ఎదురు. అక్కడ పని తనంతట తాను జరిగేది కాదు; ప్రశ్న చదవాలి, నాలుగు జవాబులు మనసులో పట్టుకోవాలి, పోల్చాలి. ఒకేసారి మనసులో పట్టుకోగలిగిన చోటు ఎవరికైనా కొద్దిగానే ఉంటుంది, ఆ చోటులో "ఈసారి కూడా పోతే ఇంట్లో ఏమంటారు" అన్న చింత వచ్చి కూర్చుంటే లెక్కకు చోటు మిగలదు. బైలాక్, కార్ 2005లో చూపించిన విషయం మీకు ఆశ్చర్యం కలిగించవచ్చు: ఒత్తిడి పెట్టినప్పుడు లెక్కల్లో ఎక్కువగా దెబ్బతిన్నది ఆ చోటు ఎక్కువగా ఉన్నవాళ్లే. ఎప్పుడూ క్లాసులో ముందుండేవాడు పరీక్షలో జారిపోవడం మనం చూసేదే.

దీనికి బాగా ప్రచారమైన ఉపాయం, పరీక్షకు ముందు పది నిమిషాలు మనసులోని భయాలన్నీ కాగితం మీద రాయడం. 2011లో అది గొప్పగా పనిచేసిందని ప్రకటించారు. 2018లో పేరున్న పత్రికల్లో వచ్చిన 21 ప్రయోగాలను వేరే బృందాలు మళ్లీ చేసి చూస్తే 13 నిలిచాయి, ఇది నిలవని ఎనిమిదింటిలో ఒకటి. రాసుకుంటే మీకు తేలికగా అనిపిస్తే రాసుకోండి, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

నిలిచినది వేరే ఉంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి 2006లో విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని నాలుగుసార్లు చదవమన్నారు, కొందరిని ఒకసారి చదివి మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగుసార్లు చదివినవాళ్లు 83 శాతం చెప్పారు, రెండో రకం వాళ్లు 71 శాతమే చెప్పారు. వారం తర్వాత అడిగితే మొదటివాళ్లకు 40 శాతం మిగిలింది, రెండోవాళ్లకు 61 శాతం మిగిలింది. జిల్లా గ్రంథాలయంలో పొద్దున్నుంచి రాత్రి దాకా గైడు మీద గీతలు గీస్తూ కూర్చునేవాళ్లకు అంతా వచ్చినట్టే అనిపించడానికీ, హాల్లో ఏమీ రాకపోవడానికీ కారణం ఇక్కడే ఉంది. పైగా 2016లో 120 మందితో చేసిన ఇంకో ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివి నేర్చుకున్నవాళ్ల జ్ఞాపకశక్తి ఒత్తిడి కలిగించాక తగ్గింది, చూడకుండా గుర్తు తెచ్చుకుంటూ నేర్చుకున్నవాళ్లది తగ్గలేదు. మీ సమస్యకు ఇంత నేరుగా తగిలే ఫలితం ఇంకొకటి నాకు కనబడలేదు.

కాబట్టి నాగార్జునసాగర్ గురించి ఒక పేజీ చదివారనుకోండి, పుస్తకం మూసి తెల్లకాగితం తీసుకుని శంకుస్థాపన ఏ సంవత్సరం, ఎవరి చేతుల మీదుగా, ఎడమ కాలువ పేరేమిటి, కుడి కాలువ పేరేమిటి అని రాయండి. 1955, నెహ్రూ, లాల్‌బహదూర్ కాలువ, జవహర్ కాలువ అని వచ్చిందా సరే, రాలేదా మళ్లీ తెరిచి చూసి రెండు రోజులకు ఇంకోసారి రాయండి. కష్టంగా, నెమ్మదిగా ఉంటుంది, చదువు సాగడం లేదనిపిస్తుంది. ఆ కష్టంలోనే పని జరుగుతోంది. తుది పరీక్షలో 200 ప్రశ్నలకు మూడు గంటలు అంటే ప్రశ్నకు 54 సెకన్లు, కాబట్టి చివరి నెలలో వారానికి ఒకసారైనా పూర్తి పేపరు గడియారం పెట్టుకుని రాయాలి. దాన్ని ఇంట్లో మంచం మీద కాకుండా పదిమంది కూర్చునే గదిలో రాయండి.

నిద్ర గురించి కూడా ఒక మాట. రాత్రి పన్నెండు దాకా చదివి నాలుగింటికే గ్రౌండ్‌కు రావడం మన దగ్గర గొప్పగా చెప్పుకునే విషయం. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 11 మంది బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను కొన్ని వారాలపాటు రోజూ పది గంటలు పడుకోమంటే వాళ్ల పరుగు వేగం, ఫ్రీత్రో గురి రెండూ మెరుగయ్యాయి. పోల్చి చూడటానికి వేరే బృందం లేని చిన్న అధ్యయనమే అది, అయినా నాలుగు గంటల నిద్రతో లాంగ్‌జంప్ సాధన చేయడం కన్నా ఒక రోజు సాధన మానేసి పడుకోవడం మేలని నేను గట్టిగా చెబుతాను.

మీ రన్నప్ ఎన్ని అడుగులో, ఫౌల్ అయినప్పుడు బూటు బోర్డు దాటి సుమారు ఎంత దూరం పడుతోందో, ఏ కాలితో లేస్తున్నారో మీరు రాయలేదు. పక్క నుంచి తీసిన వీడియోలు మూడు, సాధనలోవి కాకుండా పైన చెప్పిన మూడు జంప్‌ల రోజువి, చూసి ఆ వివరాలు రాయండి. బూటు ప్రతిసారీ ఇంచుమించు ఒకే దూరం దాటుతుంటే రన్నప్ మొదలుపెట్టే చోటును అంత మేర వెనక్కి జరిపితే సరిపోతుంది, అది మనసుకు సంబంధించిన విషయమే కాదు. ఒకసారి జానెడు, ఇంకోసారి మూరెడు దాటుతుంటే మాత్రం చివరి అడుగుల్లో మీరు కాళ్లను చూస్తున్నారని అర్థం, అప్పుడు పై సాధనను నెల రోజులు ఆపకుండా చేయవలసి ఉంటుంది.